సీలు విప్పని ఆట

శాక్రమెంటో,
మార్చి 6, 2022

ప్రియమైన కర్టీకి,

కవరు చూసి కంగారు పడకు, ఎవరూ పోలేదు. మనింటికి ఉత్తరం వచ్చిందంటే చావు కబురేనని నాన్న అనేవాడు కదా. ఏం చెయ్యను? ఫోను చేస్తే నీ షాపులో వెనకాల ఏదో ఒక ఆట కీచుకీచుమంటూనే ఉంటుంది. సగం మాటలు నాకు, సగం మాటలు బేరానికొచ్చినవాళ్ళకి. మెయిల్ పంపితే అసలు తెరవవు. జీవితమంతా కీబోర్డు మీద కొట్టుకున్న చేతులివి, కలం పట్టుకుంటే వంకర్లు పోతున్నాయి. ఓపిగ్గా చదువుకో.

సంగతేమిటంటే, నాతో పాత ఆఫీసులో పనిచేసిన రీటా నిన్న ఒక పత్రిక పంపింది. పాత వీడియో గేములు పోగుచేసేవాళ్ళ పత్రికట. మధ్య పేజీలో నువ్వు! పురిటి బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఒక ప్లాస్టిక్ పెట్టె పట్టుకుని నవ్వుతున్నావు. పెట్టెలో నా క్యాసెట్. దాని మీద నా చేతిరాత, 'మధ్యాహ్నం కూత' అని. కింద పెద్దక్షరాలతో 'ప్రపంచంలో ఇదొక్కటే' అని వేశారు. అది ఇంకా నీ దగ్గర ఉందని కూడా నాకు తెలియదు. 

నీకది ఇచ్చిన రోజు గుర్తుందా? 1984 క్రిస్మస్. నేను రాసిన ఆ ఆట పూర్తయింది, అమ్మకానికి పోకముందే మా కంపెనీ మూతపడింది. నా దగ్గర మిగిలింది ఆ ఒక్క క్యాసెట్. నీకు పద్నాలుగేళ్ళు. విప్పి చూసి, "ఇలాంటివి ఇప్పుడెవరూ ఆడట్లేదక్కా, చిన్నపిల్లలవి" అన్నావు. నిజమే, ఆ ఏడాది మందుల షాపుల్లో గుమ్మం పక్కన గంపల్లో పోసి సబ్బుల కన్నా చవగ్గా అమ్మారు వీటిని. నీకు కావలసింది మంచు మీద హాకీ ఆడే స్కేట్లు. దాన్ని నువ్వు ఒక్కసారైనా పెట్టి చూడలేదు.

ఇప్పుడు నాకది చూడాలనుంది. ఒక్కసారి చాలు. పాత టీవీలు, ఈ క్యాసెట్లు పెట్టి ఆడే పాత కన్సోళ్ళు నీ దగ్గర గుట్టలున్నాయి కదా, ఒకటి కారులో వేసుకుని రా. వంటగది బల్ల మీద పెట్టుకుని మనిద్దరం ఆడదాం. యాలకుల రొట్టె చేస్తాను. అమ్మ చేసినట్టు రాదు, అయినా వంక పెడుతూ మొత్తం తినేస్తావు. ఆ ఆటలో నీకు చూపించాల్సినది ఒకటుంది.

నీ రాక కోసం చూస్తూ,
అక్క వెర్నా


మిల్వాకీ,
ఏప్రిల్ 2

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం గల్లాపెట్టె పక్కనే పెట్టుకున్నాను, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను. 'ఈ రాత చూశారా, క్యాసెట్ మీద ఉన్న రాత ఇదే' అని. ఒకాయన ఆ కవరు అమ్ముతావా అని అడిగాడు!

షాపు బాగానే నడుస్తోంది. నలభై దాటినవాళ్ళు వస్తారు, చిన్నప్పుడు వాళ్ళమ్మలు చెత్తలో పారేసినవన్నీ మళ్ళీ కొనుక్కుపోతారు. నిన్న ఒక పెద్దమనిషి బూడిదరంగు కన్సోల్ ఒకటి చేతిలోకి తీసుకుని, వాసన చూసి, అక్కడే నిలబడి ఏడ్చేశాడు. "మా ఇంటి కింద గది వాసనండీ ఇది" అన్నాడు. ఇలాంటివాళ్ళని చూస్తుంటే నేను చేసేది మంచి పనేననిపిస్తుంది.

ఇక నువ్వడిగింది. నీ మాట కాదనడం నాకిష్టం లేదు, కానీ ఒక్కసారి నా వైపు నుంచి చూడు. ఆ క్యాసెట్ని పరీక్ష చేయించి, ఎంత చెక్కుచెదరకుండా ఉందో మార్కు వేయించి, గట్టి పెట్టెలో సీలు పెట్టించాను. ఒకసారి సీలు తెంపితే అది మళ్ళీ ఆ వస్తువు కాదు. పాతవి పోగుచేసే మా వాళ్ళలో ఒక మాటుంది. ముట్టుకోనిదే మన్నుతుంది. నీ ఆటని ఒక్కరు కూడా ఆడలేదు, ఒక్కసారి కూడా కరెంటు తగల్లేదు, అదే దాని గొప్ప. పది పన్నెండేళ్ళ కిందట నదీన్ అని ఒక మ్యూజియం అమ్మాయి వచ్చింది. పాత ఆటలు పోకుండా వాటికి నకళ్ళు తీసి దాచే పని వాళ్ళది. చిన్న యంత్రం ఒకటి చూపించి, "పది నిమిషాలు ఇవ్వండి సార్, లోపలున్నది చదువుకుని మీ క్యాసెట్ మీకిచ్చేస్తాను" అంది. "నలుగురికీ పంచాక దీన్ని ఇదొక్కటే అని ఎలా అంటారమ్మా?" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని పోయింది. ఆ రోజు మెత్తబడి ఉంటే ఈ రోజు ఆ పత్రికలో నీ ఆట వచ్చేదా చెప్పు?

నీ ఆటని కంటికి రెప్పలా కాస్తున్నానక్కా. బెంగ పెట్టుకోకు.

ప్రేమతో, నీ తమ్ముడు,
కర్ట్


శాక్రమెంటో,
మే 15

ప్రియమైన కాపలాదారుకి,

కంటికి రెప్పలా కాస్తున్నావు, సంతోషం. రెప్ప మూసేసుకుంటే కన్ను చూసేదేమిటిరా?

కోప్పడటం లేదు, ఒక్క విషయం చెప్తాను, ఇది నా వృత్తి కాబట్టి విను. దుకాణాల్లో అమ్మిన క్యాసెట్లలో ఆటని చిప్‌లో శాశ్వతంగా అచ్చువేస్తారు. నీ దగ్గరున్నది అది కాదు. అది మా పనిబల్ల మీది చిప్, రాసుకుని చెరిపేసుకునే రకం. దానికి చిన్న గాజు కిటికీ ఉంటుంది. ఎండ తగిలితే రాసినదంతా చెరిగిపోతుందని దాని మీద చీటీ అంటించేవాళ్ళం. చీకట్లో దాచినా అది దానంతటది కొంచెం కొంచెంగా మర్చిపోతూనే ఉంటుంది. పదేళ్ళు నిలిస్తే గొప్ప అనుకునేవాళ్ళం. తాళం వేసిన ఇంట్లో దొంగలు పడకపోవచ్చు, చెదలు పట్టదని ఎవరన్నారు? ముట్టుకోనిదే మన్నుతుందంటే ఊరగాయ విషయంలో కూడా అది నిజం కాదు.

లోపల ఏముందో నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. మనం పుట్టిన డులూత్ లాంటి ఊరు. కొండ మీద ఇళ్ళు, కింద రేవు, మధ్యలో ఇనుపరాయి మోసే రైళ్ళు. ఒకామె భోజనం డబ్బా పట్టుకుని కొండ దిగాలి, బండ్ల మధ్య నుంచి పట్టాలు దాటాలి, రేవులో భోజనాల వేళకి మోగే మధ్యాహ్నం కూత ఆగేలోగా అక్కడికి చేరాలి. అంతే ఆట. మొత్తం ఆటకి చిప్‌లో మాకిచ్చిన చోటులో ఈ ఉత్తరం కూడా పట్టదు. బొమ్మలు, రంగులు, కూత, గెలుపు, ఓటమి, అన్నీ అందులోనే ఇరికించాలి. తెర మీద ఒక్కో చుక్క కోసం నాతో నేనే దెబ్బలాడుకునేదాన్ని.

హార్లన్ అని మా పైఅధికారి ఉండేవాడు. ఆ ఆడమనిషి బొమ్మలో తప్పుంది, సరిచెయ్యమని వెంటపడ్డాడు. నేను చెయ్యలేదు. అదేం తప్పో చూస్తే నీకే తెలుస్తుంది, వేరే వాళ్ళకి తెలియదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఒక బీమా కంపెనీలో జీతాల లెక్కల ప్రోగ్రాములు రాశాను. వాటిలో ఏ ఒక్కటీ మళ్ళీ చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు.

తొందరగా రా, కర్టీ.

అక్క


మిల్వాకీ,
జులై 20

ప్రియమైన అక్కా,

నీకు కోపమొస్తే ఉత్తరం కింద పేరు రాయవని ఇప్పుడే కనిపెట్టాను.

నేనూ ఆలోచించాను. నీ మాటా దక్కాలి, నా మాటా దక్కాలి. అక్టోబరులో మా ఊళ్ళో పాత ఆటల ప్రదర్శన జరుగుతుంది, దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. నాకు పెద్ద వేదిక ఇస్తున్నారు. అందరి ముందూ సీలు నేనే తెంపుతాను! అచ్చంగా ఆ కాలపు టీవీ, ఆ కాలపు కన్సోల్. మొదటి మీట నువ్వు నొక్కాలి. నలభై ఏళ్ళు నీ పేరు ఎక్కడా లేకుండా పోయింది, ఆ రోజుల్లో ఆటలు రాసినవాళ్ళ పేర్లు అట్ట మీద కూడా వెయ్యలేదు కదా. ఆ బాకీ ఒక్కసారే తీరుతుంది. నువ్వు వేదిక ఎక్కితే హాలంతా లేచి నిలబడుతుంది, చూస్తూ ఉండు. ఇంతకాలం ఆగింది, మూడు నెలల్లో ఏమైపోతుంది?

పోస్టరుకి నీ చిన్నప్పటి ఫోటో కావాలి. నా దగ్గరున్న పాత ఆల్బమ్ అంతా తిరగేశాను. నువ్వు ప్రతిదాంట్లో కళ్ళు మూసుకునే ఉన్నావు. అమ్మ ఫోటోలు కూడా చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడు చూడు కుర్చీలో కూర్చుని ఉంటుంది, లేకపోతే కుర్చీ వెనక నిలబడి ఉంటుంది. నాకు అమ్మ అంటే ఆ కుర్చీయే గుర్తు. అమ్మ పోయేనాటికి నీకు పద్దెనిమిదేళ్ళు, నాకు నాలుగు. నీ మనసు నిండా అమ్మ ఉంటుంది. నాకు నీ మీద అసూయగా ఉంటుంది, తెలుసా?

కళ్ళు తెరిచి ఉన్న ఫోటో పంపు.

నీ కర్ట్


శాక్రమెంటో,
సెప్టెంబరు 11

ప్రియమైన కర్టీ,

ఫోటో ఇందులో పెట్టాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, నోరు కూడా తెరిచే ఉంది, సర్దుకో.

నేను రాను. మోకాళ్ళ సాకు చెప్పొచ్చు, చెప్పను. జనం ఈలలు వేస్తుంటే ఆ వేదిక మీద, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి దాన్ని నేను చూడలేను. నాకు చప్పట్లు వద్దు. పేరు వద్దు. ఆ ఆటలో నేను సరిచూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎవరినైనా అడిగి తెలుసుకుందామంటే అడగడానికి మనుషులు లేరు. లెంపి పెద్దమ్మ కూడా పోయిన ఏడాది వెళ్ళిపోయింది. ఇక ఆ చిప్ ఒక్కటే ఉంది.

నీ ప్రదర్శన నువ్వు చేసుకో, నేను అడ్డు చెప్పను. కానీ దానికి ముందు ఒక్కసారి, మనిద్దరమే. నువ్వు రాలేకపోతే నేనే బయల్దేరి వస్తాను, మోకాళ్ళూ నేనూ. ఊ అను చాలు. బతిమాలుతున్నాను.

వెర్నా


మిల్వాకీ,
అక్టోబరు 24

అక్కా,

నీ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. అప్పటికే పోస్టర్లు అచ్చయిపోయాయి. ముందుగా తెరిస్తే వేదిక మీద తెరవడానికి సీలు ఉండదు. అది నీకు రాయడానికి మొహం చెల్లలేదు. చివరి నిమిషంలో నువ్వే వచ్చేస్తావని కూడా లోపల అనుకుంటూనే ఉన్నాను. ముందు వరసలో ఒక కుర్చీ మీద నా కోటు వేసి ఉంచాను. ఎవరో అడిగితే "మా అక్క వస్తోంది" అన్నాను.

జరిగింది చెప్తాను. హాలు నిండిపోయింది. నేను కత్తితో సీలు కోస్తుంటే వెనక నుంచి ఎవడో "అయ్యో, అయ్యో, వద్దురా బాబూ" అని ఏడుపు గొంతుతో అరిచాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. క్యాసెట్ అంచులు దూదితో తుడిచి కన్సోల్‌లో పెట్టి, స్విచ్చి వేశాను.

ముందు కూత వచ్చింది. అక్కా, ఆ డొక్కు టీవీలోంచి మన రేవు కూత! పొడుగ్గా మోగి, చివర్లో కాస్త కిందికి జారింది. అది నాకు గుర్తుందని ఆ క్షణం దాకా నాకే తెలియదు. తర్వాత బొమ్మ రావాలి. గోధుమ రంగువీ ఆకుపచ్చవీ గళ్ళు వచ్చాయి, అడ్డంగా గీతలు వచ్చాయి, అలాగే ఉండిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. ఆ కాలం ఆటలు అలాగే ఉంటాయిలే అనుకున్నారు. ఇంకో మాట చెప్పనా, నేనూ అలాగే అనుకున్నాను. నేనెప్పుడూ దాన్ని చూస్తే కదా! మీట నొక్కుతూ, ఆ గళ్ళలో కొండ ఏది, రైలు ఏది అని వెతుక్కుంటున్నాను.

నదీన్ వేదిక ఎక్కి వచ్చింది. జుట్టు నెరిసింది, ముందు గుర్తుపట్టలేదు. "ఆపెయ్యండి కర్ట్ గారూ, ఇది ఆట కాదు" అంది నా చెవిలో. పక్క గదిలో ఆమె యంత్రంతో చిప్ చదివించాం. కూత ఉన్న భాగం నిలిచింది. బొమ్మలున్న భాగం చదివిన ప్రతిసారీ వేరేగా వస్తోంది. ఎన్ని రకాలుగా ప్రయత్నించినా అంతే. "మీరు మొదటిసారి అడిగినప్పుడు ఇచ్చి ఉంటే?" అని నేనే అడిగాను. "అప్పుడు వచ్చేదండీ" అంది నెమ్మదిగా.  నాలుగు తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి.

నువ్వు మే నెలలోనే చెప్పావు. నీ ఉత్తరాలు పది మందికి చూపించాను గానీ వాటిలో ఉన్నది వినలేదు. ఆ క్యాసెట్ అట్ట గురించి, సీలు గురించి, మార్కు గురించి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. లోపల నువ్వు నాకు చూపించాలనుకున్నదేమిటని నిన్ను ఒక్కసారి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను. ఏముందక్కా అందులో?

కర్ట్


శాక్రమెంటో,
నవంబరు 13

ప్రియమైన కర్టీ,

కోపం లేదని రాద్దామని మొదలుపెట్టి కాగితం చించేశాను. ఉంది. నీ ఉత్తరం వచ్చిన రోజు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఇల్లంతా తిరిగాను. నా మీద కూడా కోపంగానే ఉంది. విషయం ఇదిరా అని మార్చిలోనే రాసేసి ఉంటే నువ్వు ఆ పెట్టెని పళ్ళతో కొరికైనా తెరిచేవాడివి. ముందే చెప్పేస్తే చూసినట్టుండదని ఊరుకున్నాను. నువ్వు తెర ముందు కూర్చుని, నీ అంతట నువ్వే గుర్తుపట్టాలని నా ముచ్చట. నువ్వు వేదిక కోసం ఆగావు, నేను వంటగది కోసం ఆగాను.

ఆ డబ్బా పట్టుకుని కొండ దిగే మనిషి అమ్మ.

నీకెవరూ చెప్పి ఉండరు, నాన్న ఆ మాట ఎత్తనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల అమ్మకి ఒక కాలు కాస్త పొట్టి. నిలబడితే తెలిసేది కాదు, నడిస్తే తెలిసేది. అందుకే ఫోటోల్లో ఆ కుర్చీ. సినిమా కెమెరా ఉన్న మామయ్య ఒకాయన తీస్తానని వస్తే గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఆమె కదులుతున్న బొమ్మ ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదు. నాన్నకి భోజనం పట్టుకుని రోజూ ఆ కొండ దిగేది. ఒక పక్కకి ఒరిగేది, లేచేది, మళ్ళీ ఒరిగేది. ఆ నడకని మైలు దూరం నుంచైనా గుర్తుపట్టేదాన్ని.

ఆటలో మనిషికి నాకు దొరికింది కాసిని చుక్కలు, ఒకదాని తర్వాత ఒకటి మారే రెండు బొమ్మలు. ఎన్ని చేసినా చెక్కబొమ్మలా నడిచేది. ఒకరోజు ఒక బొమ్మలో ఒక పాదాన్ని ఒక్క చుక్క పైకి జరిపాను. స్విచ్చి వేస్తే తెర మీద అమ్మ నడిచి వచ్చింది. అందరి మధ్యా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. హార్లన్ వచ్చి, "నీ బొమ్మ కుంటుతోంది, సరిచెయ్యి" అన్నాడు. "అది కుంటడం కాదండీ, నడక" అన్నాను. అదే నీకు చూపించాలనుకున్నాను. నీకు కుర్చీయే గుర్తన్నావు చూడు, ఆ ఉత్తరం చదివి బయల్దేరి వచ్చేద్దామనుకున్నాను. వచ్చేస్తే బావుండేది.

ఇక నేను సరిచూసుకోవాలన్న సంగతి. పోయిన చలికాలం గిన్నెలు కడుగుతూ అమ్మని తలుచుకున్నాను. కొండ దిగుతోంది, డబ్బా ఊగుతోంది, ఒరుగుతోంది. ఏ పక్కకి? తెలియలేదు. కుడికాలో ఎడమకాలో నాకు గుర్తు లేదు, కర్టీ. నాకు! నా మనసు నిండా అమ్మ ఉంటుందని నువ్వు అసూయపడుతున్నావు. పెద్దమ్మని అడుగుదామంటే లేదు. సరిగ్గా అప్పుడే నీ ఫోటో ఉన్న పత్రిక వచ్చింది. నా చేత్తో నేను పెట్టిన చుక్క ఒకచోట భద్రంగా ఉందని నా ప్రాణం లేచొచ్చింది.

మొన్న ఎడమ చెప్పు విడిచేసి ఈ గది నుంచి ఆ గదికి నడిచాను. అచ్చం అమ్మే. తర్వాత అది తొడుక్కుని కుడిది విడిచి నడిచాను. అది కూడా అమ్మే.

కూత నీకు గుర్తుందని నీకే తెలియదన్నావు కదా. అది చదివినప్పటి నుంచీ ఒక్కటే ఆలోచన. నువ్వు పుట్టాక అమ్మ నిన్ను ఇంట్లో వదిలి వెళ్ళలేదు. శాలువాతో వీపుకి కట్టుకుని ఆ కొండ దిగేది. నువ్వు ఆమె మెడ మీద బుగ్గ ఆనించి నిద్రపోయేవాడివి. ఆ ఊపు నీ ఒంట్లో ఎక్కడైనా మిగిలి ఉందేమో.

ఉత్తరం పక్కన పెట్టి కళ్ళు మూసుకో. ఆలోచించకు. నాకు నచ్చేది చెప్పాలని అసలు చూడకు. ఆమె అడుగు వేసినప్పుడు నువ్వు ఏ పక్కకి ఒరిగేవాడివి?

నీ అక్క,
వెర్నా